లోకం కూలిందని చూపడానికి గోడలు పగలగొట్టక్కర్లేదు

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి డిస్టోపియా (కూలిన సమాజం కథ) థ్రిల్లర్ తీస్తామని వచ్చే కుర్రాళ్ల బడ్జెట్ కాగితంలో మొదటి పద్దు ఎప్పుడూ ఒకటే: శిథిలాల సెట్, గ్రాఫిక్స్. సినిమాను మింగేది ఆ పద్దే. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: సమాజం కూలిందని తెలియాలంటే కూలిన ఊరు కనబడాలి.

వాస్తవం: కనబడాల్సింది కొరత, దాన్ని పంచే తీరు. ఎవరికి ముందు, ఎవరికి చివర, ఆ వరుస పెట్టిందెవరు? ఈ మూడూ తెలిస్తే ప్రేక్షకుడికి మిగతా లోకం దానంతట అదే అర్థమవుతుంది.

నీళ్ల ట్యాంకర్ సీనే తీసుకోండి. 5,000 లీటర్ల ట్యాంకర్, నలభై బిందెలు అని రాస్తారు. బిందెకు 15 లీటర్లు వేసుకున్నా 600 లీటర్లే. ఇంకా ట్యాంకర్ నిండుగానే ఉండగా జనం కొట్టుకున్నారంటే ఎవడు నమ్ముతాడు? లెక్క తప్పితే సీను పోయినట్టే. అయితే మిగిలిన 4,400 లీటర్లు దొర ఉండే గడీలోకి పోతున్నాయని చూపితే అదే మీ కథ. గడీ మాత్రం చెక్కుచెదరకూడదు. సున్నం వేసిన గోడ, ఇస్త్రీ చొక్కా, నిండు గ్లాసు. పైవాళ్ల ఇల్లు కూడా పాడుబెడితే ఇక వర్గం ఎక్కడిది? (పాత గడీల్లో తీసేటప్పుడు మనుషుల్ని పైమిద్దె ఎక్కించకండి, దూలాలు పుచ్చి ఉంటాయి.)

కెమెరా బిందె ఎత్తులో పెట్టండి. నిండేకొద్దీ బిందె శబ్దం సన్నబడుతూ పైకి పోతుంది. చివరి మనిషి బిందెలో ఆ శబ్దం సగంలోనే ఆగాలి, వాల్వు తిప్పిన చెయ్యి ఆ తర్వాతే కనబడాలి. స్టీలు బిందెతో శబ్దం విడిగా రికార్డు చేసుకోండి. ప్లాస్టిక్ బిందె మొద్దుగా పలుకుతుంది.

అపోహ: చెడ్డ నీళ్లంటే బురద కలపాలి.

నల్లగొండ జిల్లాలో ఇలా అనుకోవడమే వింత. ఫ్లోరైడ్ నీళ్లు తేటగానే ఉంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినా కంటికి తెలియదు, మరగబెడితే తగ్గదు సరికదా చిక్కబడుతుంది. అది పళ్ల గారలో, వంగిన మోకాళ్లలో కనబడుతుంది. మేకప్ ఖర్చు అక్కడ పెట్టండి.

అపోహ: తిరుగుబాటు సీనుకు వందల మంది కావాలి.

ముప్పై మంది చాలు. మనుషుల్ని దగ్గరదగ్గరగా ఇరికించి చూపే 85 ఎం.ఎం. లేదా అంతకు మించిన లెన్సు, ముందు వరుస ముఖాలు ఫ్రేము నిండా, వెనక వరుస బెంచీల మీద. ఎత్తు నుంచి వైడ్ షాట్ పెట్టారా, దొరికిపోతారు. బట్టలకు టీ డికాషన్ పట్టించి, కాలర్, మోచేతులు, మోకాళ్ల దగ్గర గరుకు కాగితంతో రుద్దండి. దుమ్ముకు ముల్తానీ మట్టి వాడండి. ఒళ్లంతా ఒకేలా చల్లితే పిండిమరలోంచి వచ్చినట్టుంటారు. టైర్లు మాత్రం తగలబెట్టకండి. గాలి మారితే పొగ షాటుకు షాటుకూ పొంతన ఉండదు, పైగా ఊపిరితిత్తులకు చేటు.

రాత్రి సీన్లకు జనరేటర్ తప్పదనేది కూడా అపోహే. పగలే తీయండి: ఎండ నటుల వెనక నుంచి పడేలా చూసుకుని, ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేసి, ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గించి (వెలుతురు నాలుగో వంతుకు), బొమ్మ నీలంగా రావడానికి వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్‌కు పెట్టండి.

కర్రలు, ముసుగులతో షూటింగ్ అంటే స్టేషన్లో ముందే రాతపూర్వకంగా తేదీ, చోటు, మంది సంఖ్య ఇవ్వండి. లేకపోతే ఎవరో ఫోన్లో తీసి 'మా ఊళ్లో గొడవలు' అని వాట్సాప్‌లో తిప్పుతారు. ఆ లొల్లి సర్దడానికే రెండు రోజులు పోతాయి.

ఇక 'వర్గపోరు సినిమాకు సెన్సార్ ఇవ్వరు' అన్న పుకారు. ఇంట్లోవాళ్లు కేసులవుతాయేమోనని భయపడతారు, ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ నిబంధనల ప్రకారం సినిమాను మొత్తంగా చూసి తేల్చాలి, ఒక్క డైలాగు పట్టుకుని కాదు. సినిమా చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ) సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల తరగతులొచ్చాయి. హింస తీరును బట్టి ఏది రావచ్చో స్క్రిప్టు దశలోనే అంచనా వేసుకోండి. 2021లో అప్పీలు ట్రిబ్యునల్ ఎత్తేశారు కాబట్టి, బోర్డు నిర్ణయం నచ్చకపోతే హైకోర్టుకే పోవాలి. లాయరు ఖర్చుకు కాస్త పక్కన పెట్టుకోండి, శిథిలాల సెట్ కొట్టేస్తే మిగిలిన దాంట్లోంచి.