నడిమి ఇంటి ఆదాయం: అమెరికా కౌంటీ లెక్కలో అతుకులు

కౌంటీ అంటే అమెరికా రాష్ట్రాల్లో మన జిల్లా లాంటి విభాగం. ఒక కౌంటీలోని ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసలో పెడితే, సరిగ్గా నడుమ నిలిచే ఇంటి రాబడే ఆ కౌంటీ మధ్యగత గృహ ఆదాయం. నాలుగు సంపన్న ఇళ్లు చేరినంత మాత్రాన సగటులా ఇది ఎగబాకదు. అయితే దశాబ్దాల పొడవునా ఒకే గీతగా గీసి చూపే ఈ అంకె ఒకే కొలబద్దతో వచ్చింది కాదు. అతుకులు ఎక్కడున్నాయో తెలియకపోతే, కొలిచే పద్ధతి మారడాన్ని జనం బతుకు మారడంగా పొరబడతాం.

అమెరికా జనగణనలో ఆదాయం ప్రశ్న 1940లో వచ్చింది. అప్పుడు జీతం, కూలి మొత్తమే అడిగారు. అది 5,000 డాలర్లు దాటితే ఎంతో రాసుకోలేదు. వేరే రాబడి 50 డాలర్లకు తగ్గకుండా వచ్చిందా లేదా అన్నది మాత్రం విడిగా అడిగారు. దాంతో సొంత సేద్యం, సొంత దుకాణం మీద బతికేవాళ్ల అసలు రాబడి లెక్కకెక్కలేదు. 1950లో ఈ లోటు తీరింది గానీ, 1950, 1960 కౌంటీ పట్టికల్లో ప్రధానంగా కనిపించేది కుటుంబ ఆదాయం. అంటే బంధుత్వంతో కలిసి ఉండేవాళ్లదే. ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లు అందులో లేవు, వాళ్ల రాబడి సాధారణంగా తక్కువ. ఆ అంకెల పక్కన తర్వాతి గృహ ఆదాయం పెడితే లేని పతనం కనిపిస్తుంది.

1980, 1990, 2000 జనగణనల్లో కొన్ని ఇళ్లకు మాత్రమే ఇచ్చిన ఎక్కువ ప్రశ్నల 'పొడవు ఫారాల' అంకెలు ఒకదానితో ఒకటి బాగా పోలుతాయి. అవి చెప్పేది అంతకుముందు క్యాలెండర్ సంవత్సరం ఆదాయం. దేశం మొత్తానికి 1979లో 16,841 డాలర్లు, 1989లో 30,056, 1999లో 41,994. వినియోగదారుల ధరల సూచీ 1979లో 72.6 ఉంటే 1999లో 166.6. కాబట్టి 16,841ని 2.295తో హెచ్చవేయాలి. దాదాపు 38,650 వస్తుంది. రెండున్నర రెట్లుగా కనిపించిన పెరుగుదల నిజానికి 9 శాతం లోపే.

పదేళ్లకోసారి వచ్చే అంకెతో బడుల నిధులు పంచడం అన్యాయమని 1990ల్లో గుర్తించారు. పేద పిల్లల లెక్కలను తాజాగా ఉంచాలని 1994 నాటి విద్యా చట్టం కోరింది. అలా 'సైపీ' అనే చిన్న ప్రాంతాల పేదరికం, ఆదాయం అంచనాలు నిలదొక్కుకున్నాయి. దీని వెనుక జనగణన సంస్థ సెన్సస్ బ్యూరోకు చెందిన ఫే, హెరియట్ 1979లో చూపిన పద్ధతి ఉంది. సర్వే అంకెను, పన్ను రిటర్నుల వంటి రికార్డుల నుంచి గణిత మోడల్‌తో కట్టిన అంచనాను వాటి వాటి నమ్మకాన్ని బట్టి కలుపుతారు. సర్వే 60,000 అంటోంది, దాని ప్రామాణిక దోషం (అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) 6,000 అనుకుందాం. మోడల్ 50,000 అంటోంది, దోషం 3,000. సర్వేకు దక్కే తూకం 9/(9+36), అంటే 0.2. ఫలితం 52,000. అసలు పని లాగరిథమ్‌లలో జరుగుతుంది, సూత్రం మాత్రం ఇదే. 2005కు ముందు ఈ సర్వే సీపీఎస్ (కరెంట్ పాపులేషన్ సర్వే), 2005 నుంచి ఏసీఎస్ (అమెరికన్ కమ్యూనిటీ సర్వే). అదే పెద్ద అతుకు. 2004, 2005 అంకెల తేడాను నేరుగా పెరుగుదల అనకూడదు.

ఏసీఎస్ ఏడాది పొడవునా నెలనెలా 'గడచిన 12 నెలల' ఆదాయం అడుగుతుంది. అందుకే 2010 అంకెలో 2009 జనవరి రాబడి కూడా ఉంటుంది. ఒక్క ఏడాది అంచనా 65,000, ఆపై జనాభా ఉన్న కౌంటీలకే. మిగతావాటికి అయిదేళ్లు కలిపినది, మొదటిది 2005–09. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 2014–18, 2015–19 అంచనాల్లో నాలుగేళ్లు ఉమ్మడివి, వాటి తేడా ఏడాది మార్పు కాదు. 2010–14, 2015–19 లాగా కాలాలు విడిగా ఉండాలి. వాటినైనా ఒకే ఏటి డాలర్లలోకి మార్చాకే పోల్చాలి. 48,000 ± 4,100 నుంచి 52,000 ± 4,500కు వెళ్లిందనుకోండి. ± తర్వాతివి దోషపు మార్జిన్లు, అంటే అంకె అటూ ఇటూ కదలగల మేర. ఆ రెండు మార్జిన్ల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 6,090. తేడా 4,000 మాత్రమే. పెరిగిందని చెప్పలేం.

సరిహద్దులూ కదులుతాయి. డేడ్ కౌంటీ 1997లో మయామి-డేడ్ అయి, గణాంకాల్లో దాన్ని గుర్తించే కోడ్ మారింది. 2001లో నాలుగు కౌంటీల ముక్కలతో కొలరాడోలో బ్రూమ్‌ఫీల్డ్ పుట్టింది. 2022 గణాంకాల నుంచి కనెక్టికట్‌లో 8 కౌంటీల స్థానంలో 9 ప్లానింగ్ ప్రాంతాలు వచ్చాయి. అక్కడ మధ్యగతాల సగటు తీసి పాత కౌంటీని తిరిగి కట్టలేం. టౌన్ల వారీగా ఆదాయ శ్రేణుల్లోని ఇళ్లను కూడాలి. మొత్తం 9,000 ఇళ్లయితే మధ్య స్థానం 4,500. 50,000 లోపు 4,100 ఇళ్లు, 50,000–60,000 మధ్య 1,000 ఇళ్లు ఉంటే, ఇంకా కావలసిన 400 ఆ శ్రేణిలో 0.4 వంతు. మధ్యగతం 54,000. పాత కౌంటీ అయినా కొత్త ప్రాంతమైనా టౌన్ల కూర్పే కాబట్టి, రెంటికీ ఈ దారి పనిచేస్తుంది.