ఆవ మొక్కకు అప్పగించిన సీసం

సీసం, కాడ్మియం, నికెల్ మూలకాలు. మురుగు కుళ్లినట్టు కుళ్లవు, ఏ సూక్ష్మజీవీ వాటిని విరగ్గొట్టలేదు. ఫ్యాక్టరీ మూతపడి ముప్పై ఏళ్లయినా సీసం ఆ మట్టిలోనే ఉంటుంది. మట్టిని తవ్వి ఇంకోచోట పోస్తే బెడద పక్క ఊరికి మారుతుంది, అంతే. అందుకే ఆ లోహాన్ని మొక్కలతో లాగించాలన్న ఆలోచన వచ్చింది.

అలాంటి మొక్కలున్నాయని ముందే తెలుసు. 1948లో ఇటలీలో ఇద్దరు శాస్త్రవేత్తలు టస్కనీ రాతినేలల్లో పెరిగే ఒక చిన్న మొక్క ఆకుల్లో అసాధారణంగా నికెల్ ఉందని చూపించారు. 1976లో న్యూ కాలెడోనియా దీవుల్లోని ఒక చెట్టు సంగతి బయటపడింది. గాటు పెడితే నీలి ఆకుపచ్చ పాలు కారతాయి, ఆ పాలు ఎండితే బరువులో నాలుగో వంతు నికెలే! 1983లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన రూఫస్ చానీ, ఇలాంటి మొక్కల్ని పంటలా వేసి, కోసి, కాల్చి, బూడిదతో పాటు లోహాన్ని తీసేయవచ్చన్నారు.

చిక్కల్లా ఎక్కడంటే, ఆశగా లోహం తాగే మొక్కలు చాలావరకు పొట్టివి, నెమ్మదిగా పెరుగుతాయి. ఏపుగా పెరిగే మొక్కలేమో లోహానికి వాడిపోతాయి. 1990లలో పరిశోధకుల కళ్లు మన పోపుల పెట్టెలోని ఆవాల మీద పడ్డాయి. ఆవ త్వరగా ఎదుగుతుంది, సీసాన్ని కొంత తట్టుకుంటుంది. కానీ సీసాన్ని మట్టి గట్టిగా పట్టుకుని వదలదు. దాన్ని కరిగించడానికి ఈడీటీఏ అనే రసాయనం చల్లారు. ఆకుల్లోకి సీసం బాగానే ఎక్కింది. అయితే కరిగిన సీసం అంతా వేరు తాగదు, మిగిలింది వానతో భూగర్భజలంలోకి దిగుతుంది. నేలను కడిగి బావిని చెడగొట్టే పద్ధతిని బాగుచేయడం అనలేం.

1998లో కెనడాలో బెర్నార్డ్ గ్లిక్ బృందం వేరే దారి పట్టింది. లోహం తగిలితే మొక్కకూ టెన్షనే! ఒత్తిడిలో ఇథిలిన్ వాయువు ఎక్కువగా తయారై వేరు ఎదుగుదల ఆగిపోతుంది. నికెల్ కలుషిత నేలలోనే బతుకుతున్న ఒక బ్యాక్టీరియా, ఆ ఇథిలిన్‌కు ముడిసరుకైన పదార్థాన్ని ముందే విరగ్గొట్టి తినేస్తుంది. దాన్ని కనోలా అనే నూనెగింజ పంట విత్తనాలకు పట్టిస్తే మొలకలు నికెల్‌లోనూ నిలదొక్కుకున్నాయి. విషాన్ని దూరం పెట్టకుండానే మొక్కకు తట్టుకునే బలం ఇచ్చిందీ బ్యాక్టీరియా. విత్తనాలకు రైజోబియం అనే మేలు చేసే బ్యాక్టీరియాను పట్టించడం తెలిసిన మన వేరుశనగ రైతుకు ఈ పని కొత్త కాదు. నా నమ్మకం కూడా ఈ దారి మీదే.

2001లో ఫ్లోరిడాలో ఒక ఫెర్న్ (పూలు పూయని ఆకుమొక్క) ఆర్సెనిక్ అనే విషాన్ని విపరీతంగా పోగుచేస్తోందని తేలింది. మన దేశంలో పాత సున్నపు గోడల పగుళ్లలోనూ మొలిచే ఫెర్నే అది.

ఏ మొక్కయినా ఒక్క పంటతో నేలను శుభ్రం చేయలేదు, ఏళ్లు పడుతుంది. కోసిన పంట ఎటు పోతుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. హైదరాబాద్‌లో మూసీ వెంబడి మురుగునీటితో పెంచే పారాగడ్డి గేదెల మేతకు వెళ్తుంది. లోహం లాగడానికి వేసిన మొక్కను మాత్రం ఏ పశువూ ముట్టకుండా కంచె వేయాలి, కోశాక బూడిద చేసి భద్రంగా దాచాలి.