‘ఒరిజినలేనా అన్నా?’ పాత బైకులపై అపోహలు - వాస్తవాలు

నాది పాత బైకులు బాగుచేసే పని. బండి తెచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: ‘అన్నా, ఇది ఒరిజినలేనా?’ జవాబు చెప్పాలంటే రెండు సంగతులు విడివిడిగా చూడాలి. ఆ ఏడాది ఫ్యాక్టరీ ఆ బండిని ఎలా పంపింది? రేసు బండి అయితే అప్పటి రూల్స్ ఏం మార్చుకోనిచ్చాయి? ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే చాలా మంచి బండ్లు చేతులారా పాడైపోతున్నాయి.

అపోహ: ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు ఒకటైతేనే అసలు బండి.

వాస్తవం: అది కంపెనీని బట్టి ఉంటుంది. బ్రిటన్ కంపెనీ ట్రయంఫ్ వాళ్లు తమ మెరిడెన్ ఫ్యాక్టరీలో రెండు చోట్లా ఒకే నంబరు కొట్టేవారు. మరో బ్రిటన్ కంపెనీ బీఎస్ఏ చేసిన గోల్డ్ స్టార్ బండి అలా కాదు. ఇంజిన్ మీద డీబీడీ34తో మొదలయ్యే నంబరు ఉంటే, ఫ్రేము మీద సీబీ32తో మొదలయ్యే వేరే నంబరు ఉంటుంది. రెండూ ఒకటే ఉన్న గోల్డ్ స్టార్ ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించండి, ఎవరో తర్వాత కొట్టించి ఉంటారు. ఆ రెండు నంబర్లూ ఒకే బండిగా ఫ్యాక్టరీ డిస్పాచ్ రికార్డులో (బండ్లు బయటికి పంపిన లెక్కల్లో) ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష.

అపోహ: ఒక మోడల్‌కి ఒకటే ఒరిజినల్ రూపం.

వాస్తవం: గోల్డ్ స్టార్‌ని కొనేవాళ్లు కేటలాగ్ చూసి తమకు కావాల్సినట్టు ఆర్డర్ ఇచ్చేవారు. టూరింగ్ (దూర ప్రయాణాలకు), క్లబ్‌మన్ (రోడ్డు రేసులకు), స్క్రాంబుల్స్ (మట్టి రేసులకు) అన్నీ అసలువే. 500 సీసీ క్లబ్‌మన్‌కి ఒకటిన్నర అంగుళాల అమాల్ జీపీ కార్బురేటర్, ఆర్ఆర్‌టీ2 క్లోజ్ రేషియో (గేర్ల మధ్య తేడా తక్కువ ఉండే) గేర్‌బాక్స్ వచ్చేవి. ఫస్ట్ గేరే ఎక్కువ వేగానికి సరిపోయేది, ఊళ్లో నడపాలంటే క్లచ్ జారిస్తూనే ఉండాలి. ఇలా చేయడానికి కారణం ఉంది. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 1947 నుంచి 1956 దాకా జరిగిన క్లబ్‌మన్స్ టీటీ అనే రేసులో కేటలాగ్‌లో ఉన్న బండ్లకే చోటు, కిక్ స్టార్టర్ తప్పనిసరి. అందుకే రేసుకు కావాల్సిందంతా బీఎస్ఏ వాళ్లు కేటలాగ్‌లోనే పెట్టారు. 1949 నుంచి 1956 వరకు అందులోని జూనియర్ విభాగం ప్రతి ఏటా గోల్డ్ స్టార్‌దే. కాబట్టి క్లబ్‌మన్ మీద కిందికి వంచిన రేసు హ్యాండిల్ చూసి ‘మాడిఫై చేశారు’ అని పీకేయకండి.

అపోహ: ప్రొడక్షన్ రేసు అంటే షోరూమ్‌లో కొన్న బండిని నేరుగా తోలడమే.

వాస్తవం: రూల్ కోసమే బండి తయారుచేసిన సందర్భాలున్నాయి. ట్రయంఫ్ 1965లో తన బోనవిల్ మోడల్‌కి రేసు రూపమైన థ్రక్స్‌టన్ బోనవిల్‌లు యాభై పైచిలుకు కట్టింది ప్రొడక్షన్ రేసుల్లో అర్హత కోసమే. 1969లో ప్రొడక్షన్ టీటీని మాల్కమ్ అప్‌హిల్ బోనవిల్ మీద సగటున గంటకు 99.99 మైళ్ల వేగంతో గెలిచాడు. థ్రక్స్‌టన్ భాగాలు కొన్ని విడిగా కూడా దొరికేవి. అందువల్ల భాగాలు నిఖార్సయినవే అయినా బండి థ్రక్స్‌టన్ కాకపోవచ్చు. ఇక్కడా రికార్డే దిక్కు.

అపోహ: డిస్క్ బ్రేక్ ఉంటేనే అసలు ఆర్‌డీ.

వాస్తవం: మన దగ్గర దీని మీదే వాదనలెక్కువ. జపాన్ యమహా ఆర్‌డీ350కి ముందు చక్రానికి డిస్క్ ఉండేది, పవర్ 39 హార్స్ పవర్. ఆ ఆర్‌డీనే మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో రాజ్‌దూత్ 350 పేరుతో మొదలుపెట్టింది, దీనికి ముందు చక్రానికి కూడా డ్రమ్మే. పవర్ హెచ్‌టీ (హై టార్క్) రకంలో 30.5, తర్వాత మైలేజీ కోసం తెచ్చిన ఎల్‌టీ (లో టార్క్) రకంలో 27. డిస్క్ వేయించుకోవడం తప్పని నేననను. ఆ బండి వేగానికి ఆ డ్రమ్ము చాలదు, ప్రాణం ముఖ్యం. కానీ విప్పిన హబ్బు, బ్రేక్ ప్లేటు తుక్కువాడికి ఇవ్వకండి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. జపాన్ డిస్క్ బిగించిన రాజ్‌దూత్‌ని ‘ఫుల్ ఒరిజినల్’ అని అమ్మడం మాత్రం మోసమే. ఎల్‌టీ సిలిండర్ బ్యారెల్‌కి పోర్టింగ్ (లోపలి దారులు అరగదీసి మార్చడం) చేయించి హెచ్‌టీ అని చెప్పడమూ అంతే.

అపోహ: తళతళలాడే బండే మంచి రిస్టోరేషన్.

వాస్తవం: ఇంజిన్ కవర్ల స్క్రూలు చూడండి. ఆనాటి జపాన్ డిజైన్‌లో అవి ప్లస్ స్క్రూలు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలతవి. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. దాంతో విసిగిపోయి అందరూ స్టీల్ అలెన్ బోల్టులు వేస్తారు. బిగింపు బాగానే ఉంటుంది గానీ ఫ్యాక్టరీ ముద్ర పోతుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కుంటే ఈ సమస్యే రాదు. ఫ్రేముకి మందంగా పౌడర్ కోటింగ్ వేయిస్తే నంబరు అంచులు కూడా పూడుకుపోతాయి.

అపోహ: వింటేజ్ రేసులో అనుమతించారంటే బండి ఒరిజినలే.

వాస్తవం: కాదు. అమెరికాలో పాత బైకుల రేసులు నడిపే ఏహెచ్ఆర్ఎంఏ, ఆనాటి డిజైన్‌కి సరిపోయేలా కొత్తగా చేసిన భాగాలను కూడా ఒప్పుకుంటుంది. వాళ్లకు కావాల్సింది సమాన పోటీ, భద్రత.

ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్టుకు అడ్డంగా చిన్న రంధ్రం కనిపిస్తే చాలామంది డ్యామేజీ అనుకుని కొత్తది వేసేస్తారు. అది లాక్ వైర్ (బోల్టు తిరగకుండా కట్టే తీగ) కోసం వేసింది, ట్రాక్ మీద బోల్టు ఊడి ఆయిల్ కారకుండా. బండి రేసు ఆడిందనడానికి అదొక్కటే రుజువు కాదు, డ్రిల్ ఎవరి దగ్గరైనా ఉంటుంది. కానీ పాత ఫోటో, ఎంట్రీ ఫారం లాంటివి తోడైతే దానికి విలువ ఉంటుంది. అందుకే ఏ బోల్టయినా విప్పే ముందు ఫోటో తీయండి, మార్చినా పాతది పేరు రాసి దాచండి.