గ్యాస్ పోయాక మిగిలే చమురు

భూమిలో చమురు చెరువులా నిలిచి ఉంటే ఒక పెద్ద బావి తవ్వి తోడుకోవచ్చు కదా, పాత ఫొటోలలో వందల డ్రిల్లింగ్ గోపురాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎందుకు నిలబడి ఉంటాయని ఒక పాఠకుడు అడిగారు. నల్లటి మడుగులోకి గొట్టం దించినట్టు బొమ్మ వేసే మన పాఠ్యపుస్తకాలదే ఇందులో సగం తప్పు. దీనికి జవాబు చెప్పడానికి బర్మాలో, ఐరావతి ఒడ్డున ఉన్న యేనాన్‌జాంగ్‌ను మించిన చోటు లేదు.

అక్కడ ట్విన్‌జాలనే 24 కుటుంబాలకు బావులు వంశపారంపర్యపు హక్కుగా ఉండేవి. ఆవిర్లు అంటుకుంటాయి కనుక బావిలోకి దీపం దించడానికి వీల్లేదు. చమురు ఆవిర్లు గాలికన్నా బరువై అడుగున పేరుకుంటాయి కనుక తవ్వేవాడు కొన్ని నిమిషాలకు మించి లోపల ఉండలేడు. ఆ కాస్త సమయం కళ్లు చీకటికి అలవాటుపడేలోపే గడిచిపోకూడదని, దిగడానికి ముందే అతని కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టేవారు. కంటిపాప సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసుకున్న పనివాళ్లు వాళ్లు.

1886లో స్కాట్లండ్‌లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ కొద్ది ఏళ్లలోనే ఇక్కడికి యంత్రాలు తెచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో ఇతర కంపెనీలు ట్విన్‌జాల చిన్న చిన్న స్థలాలు తీసుకుని, పక్కపక్కనే బావులు దించాయి. కింద ఉన్నది మాత్రం అందరికీ ఒకటే చమురు పొర. పొరుగువాడు లాగేలోపు తాను లాగకపోతే నష్టమని ప్రతివాడూ తొందరపడ్డాడు.

నష్టం ఎలా జరిగిందో తెలియాలంటే గోలీసోడా చూడాలి. చమురు ఉండేది మడుగులో కాదు, ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో. సీసాలోని సోడాలాగే అందులోనూ ఒత్తిడి వల్ల గ్యాస్ కరిగి ఉంటుంది. గోలీ నొక్కగానే బుడగలు పుట్టి, వ్యాకోచించి నీటిని పైకి నెట్టినట్టే, బావి పడి ఒత్తిడి ఒక హద్దుకన్నా తగ్గగానే గ్యాస్ విడివడి చమురును బావివైపు తోస్తుంది. సోడాను మెల్లగా తెరిస్తే నీరు సీసాలోనే ఉండి గ్యాస్ ఒక్కటే బుస్సున పోయినట్టు, రాతిలోనూ బుడగలు ఒకదానితో ఒకటి కలిసి దారి చేసుకున్నాక, జిగట తక్కువైన గ్యాస్ చమురును వెనక వదిలి తాను ముందుగా పారిపోతుంది. ఒకే సీసాకు వంద మూతులుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? గ్యాస్ వదిలిన చమురు చిక్కబడి రేణువులకు అంటుకుపోతుంది. ఈ పద్ధతిలో సాధారణంగా పొరలోని చమురులో మూడో వంతు కూడా పైకి రాదు. పైగా యేనాన్‌జాంగ్ చమురులో మైనం ఎక్కువ; గ్యాస్ వ్యాకోచిస్తూ చల్లబడినప్పుడు ఆ మైనం గొట్టాల్లో గడ్డకట్టి, అసలే నెమ్మదించిన ధారను ఇంకా నెమ్మదింపజేస్తుంది.

ఆ మైనంతోనే రంగూన్ దగ్గరి సిరియం రిఫైనరీలో కొవ్వొత్తులు చేసేవారు. అక్కడి కూలీల్లో పెద్ద సంఖ్యలో ఉన్నది కోరమాండల్ తీరం నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువారే. 1908 తరువాత యేనాన్‌జాంగ్ నుంచి సిరియందాకా పైపులైను పడడంతో నదిమీద పడవల్లో చమురు తెచ్చే అవసరం తగ్గింది.

అన్వేషణలో మాత్రం ఊహకన్నా రాళ్లే దారి చూపాయి. పొరలు వంగి కమానులా లేచిన చోట, బంకరాతి కప్పు కింద చమురూ గ్యాసూ చిక్కుకుంటాయి. భూవిజ్ఞాని ఎడ్విన్ పాస్కో 1912లో బర్మా చమురు క్షేత్రాలపై జియలాజికల్ సర్వేకు రాసిన గ్రంథమంతా ఇలాంటి కమానుల వెదుకులాటే. నీళ్ల బావికి కొబ్బరికాయ నిలబెట్టి చోటు చూసే మనవారికి ఆ గ్రంథంలోని పటాలు చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బావుల మధ్య తగవులూ, సరిగా మూయని బావుల్లోంచి చమురు పొరలోకి నీరు చొరబడడమూ ముదిరాక, ప్రభుత్వం 1918లో బర్మా ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం తెచ్చింది. అప్పటికే పై పొరల్లో గ్యాస్ ఒత్తిడి చాలావరకు పోయింది. తాము వదిలేసిన ఆ గ్యాస్ ఉచితంగా చేసిన పనిని కంపెనీలు ఇక పంపులు పెట్టి, డబ్బు పోసి చేయవలసి వచ్చింది.