గేరు బరువైతేనే వ్యాయామమా? సైకిల్ తొక్కడంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: గేరు ఎంత బరువుగా ఉంటే ఒంటికి అంత మంచిది.

సైకిల్ తొక్కడం నేర్పే పనిలో నేను రోజూ వినే మాట ఇది. లెక్క వేసి చూద్దాం. ముందు పళ్లచక్రానికి 48 పళ్లు, వెనక దానికి 12 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకుంటే బండి 8.4 మీటర్లు వెళ్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగం రావాలంటే పెడల్ నిమిషానికి 40 చుట్లు తిరిగితే చాలు. ముందు 36, వెనక 18 పళ్ల మీద అదే వేగానికి 80 చుట్లు కావాలి. నిమిషానికి పెడల్ తిరిగే ఈ చుట్ల సంఖ్యనే కేడెన్స్ అంటారు.

రోడ్డూ గాలీ ఒకేలా ఉన్నప్పుడు, వేగం ఒకటే అయితే బండి కదలడానికి కావలసిన శక్తీ ఒకటే. కాబట్టి కేలరీల్లో పెద్ద తేడా రాదు. కానీ బరువు గేరులో ఒక్కో తొక్కుకు కాలు రెట్టింపు బలం పెట్టాలి. ఆ భారమంతా తొడల మీద, మోకాలి చిప్ప మీద పడుతుంది. గుండెకు సరిగ్గా పని పడకముందే తొడలు చేతులెత్తేస్తాయి. గంటసేపు హాయిగా తొక్కగలిగిన మనిషి మధ్యలోనే ఆగిపోతాడు. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకు కావలసింది ఆ గంట. అందుకే తేలిక గేరు వేసుకోవడానికి మొహమాటపడొద్దని అందరికీ గట్టిగా చెబుతాను.

అపోహ: రేసర్లలాగా నిమిషానికి 90 చుట్లు తొక్కాల్సిందే.

అక్కర్లేదు. రేసర్లు ఏళ్ల సాధనతో 80 నుంచి 100 మధ్య తొక్కుతారు. కొత్తవాళ్లకు 65 నుంచి 80 చాలు, అలవాటయ్యేకొద్దీ అదే పెరుగుతుంది. కొలవడానికి మీటర్ కూడా అవసరం లేదు. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 18 వస్తే 72. సీటు మీద నడుము ఎగిరెగిరి పడుతుంటే గేరు మరీ తేలికైనట్టు.

అపోహ: 21 గేర్లున్నాయి కాబట్టి అన్నీ వాడాలి.

అక్కర్లేదు. ముందు 48, వెనక 24 పళ్లు వేసినా, ముందు 36, వెనక 18 వేసినా కాలికి తగిలే బరువు ఒకటే. ముందు పెద్దది, వెనక కూడా పెద్దది వేస్తే చైన్ ఏటవాలుగా సాగి త్వరగా అరుగుతుంది.

అపోహ: మోకాలి నొప్పి వస్తే సైకిల్ మానేయాలి.

ముందుగా సీటు ఎత్తు చూడండి. సీటు మీద కూర్చున్నప్పుడే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని చాలామంది సీటు బాగా దించేస్తారు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. అది సరిచేసి, గేరు తేలిక చేశాక కూడా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి.

అపోహ: ఎత్తు ఎక్కలేకపోయినప్పుడు గేరు మారిస్తే సరిపోతుంది.

అప్పటికి ఆలస్యమైపోతుంది. బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైన్ కటకటలాడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. హైదరాబాద్ ఫ్లైఓవర్ అయినా, విశాఖ కైలాసగిరి ఘాట్ అయినా, ఎత్తు మొదలవకముందే కాలి ఒత్తిడి కాస్త తగ్గించి మార్చుకోవాలి. ఎక్కేటప్పుడు కేడెన్స్ 60కి పడినా ఫర్వాలేదు.

సిగ్నల్ దగ్గరా ఇంతే. మన సైకిళ్లలో ఎక్కువ వాటికి పెడల్ తిరుగుతుంటేనే గేరు మారుతుంది. ఎర్రలైటు కనిపించగానే, ఆగేలోపే రెండు మూడు గేర్లు తేలిక చేసుకుంటే, పచ్చలైటు పడ్డాక వెనక బస్సు హారన్ కొడుతున్నా బండి తూలకుండా కదులుతుంది.