స్విస్ వాచీల గురించి నా బల్ల దగ్గర వినే అపోహలు

వాచీలు విప్పి బాగుచేయడం నా వృత్తి. పాత స్విస్ వాచీ తెచ్చేవాళ్లు దానితోపాటు ఓ కథ కూడా తెస్తారు. వాచీ బాగుచేస్తే సంతోషిస్తారు, కథ సరిచేయబోతే మొహం మాడ్చుకుంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: వాచీని కనిపెట్టిందే స్విస్ వాళ్లు.

కాదు. వెంట తీసుకెళ్లే చిన్న గడియారాలు 1500 తర్వాత కొద్ది ఏళ్లకే జర్మనీలోని నురెంబర్గ్‌లో పీటర్ హెన్లైన్ చేస్తున్నాడు. వాచీ లయని నిలబెట్టే సన్నటి చుట్ట స్ప్రింగ్, అంటే హెయిర్‌స్ప్రింగ్ గురించి 1675లో ప్రకటించింది హైగెన్స్, ఆయన డచ్చివాడు. ఇప్పటికీ కీ ఇచ్చే వాచీలో టిక్ టిక్ మనిపించే లివర్ ఎస్కేప్‌మెంట్ (స్ప్రింగ్ బలాన్ని కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు) లండన్‌లో థామస్ మడ్జ్ ఆలోచన.

జెనీవాకి ఈ విద్య వలసొచ్చింది. 16వ శతాబ్దంలో అక్కడ కాల్విన్ అనే ప్రొటెస్టెంట్ మతగురువు సంస్కరణలు నగల మీద ఆంక్షలు పెట్టడంతో కంసాలులకి పని తగ్గింది. ఫ్రాన్స్‌లో వేధింపులు పడలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లలో గడియారాల పనివాళ్లున్నారు. వాళ్ల నేర్పూ వీళ్ల చెయ్యీ కలిశాయి. 1601కల్లా వాచీ పనివాళ్ల సంఘం వెలిసింది.

అపోహ: ఒకే పనివాడు కిటికీ పక్కన కూర్చుని వాచీ మొత్తం చేసేవాడు.

చూడముచ్చటైన బొమ్మే. కానీ స్విట్జర్లాండ్‌లోని జూరా కొండల్లో నడిచిన పద్ధతి వేరు. మంచు కురిసే నెలల్లో రైతు కుటుంబాలు ఇంట్లోనే ఒకరు పళ్లచక్రాలు, ఇంకొకరు స్క్రూలు, మరొకరు ముళ్లు చేసేవారు. వ్యాపారి అన్నీ పోగుచేసి బిగింపించేవాడు. మన మాస్టర్ వీవర్ ఇళ్లకి నూలిచ్చి నేయించినట్టే.

దీన్ని కదిలించింది అమెరికా. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శన సమయంలో స్విస్ వాచీ కంపెనీ లాంజీన్స్ ఇంజినీరు జాక్ డేవిడ్ అక్కడి ఫ్యాక్టరీలు చూశాడు. యంత్రాలు చేసిన విడిభాగాలు ఏ వాచీలోనైనా అతికేవి. స్వదేశానికి హెచ్చరిక లాంటి నివేదిక రాశాడు. ఆ తేడా నాకు చేతికి తెలుసు: చేత్తో చేసిన జేబు వాచీలో చక్రం విరిగితే మరోదాన్నుంచి తీసి వేసినా సరిగా పట్టదు.

అపోహ: '17 జ్యూయెల్స్' అంటే లోపల 17 రత్నాలు.

"రాళ్లు మార్చకండి సార్" అని ఎదురుగా కూర్చుని కాపలా కాసినవాళ్లున్నారు! అవి చాలావరకు ఫ్యాక్టరీలో చేసిన కృత్రిమ కెంపులు. ఇరుసు కొనలు అరగకుండా తిరగడానికి పెడతారు. అమ్మితే టీ ఖర్చులొస్తే గొప్ప.

అపోహ: క్వార్ట్జ్ వాచీ (సెల్‌తో, స్ఫటికం కంపనాలతో నడిచేది) స్విస్ వాళ్లకి చేతకాలేదు.

స్విట్జర్లాండ్‌లోని నూషతెల్ ప్రయోగశాలలో 1967కే నమూనా సిద్ధం. కానీ 1969 డిసెంబర్ 25న ముందుగా అంగట్లో పెట్టింది జపాన్ కంపెనీ సీకో. స్విస్ వాచీలు మరుసటి ఏడాది వచ్చాయి. ఆ పోటీ దెబ్బ గట్టిగానే తగిలింది: స్విస్ వాచీ పరిశ్రమలో 1970లో దాదాపు 90 వేలున్న ఉద్యోగులు 1980ల మధ్యకి మూడో వంతుకి దగ్గరపడ్డారు. పరిశ్రమని మళ్లీ లేపడంలో పెద్ద చెయ్యి 1983లో వచ్చిన స్వాచ్‌ది. సెల్‌తో నడిచే ప్లాస్టిక్ వాచీ, మొత్తం 51 భాగాలే.

అపోహ: 'స్విస్ మేడ్' అంటే ప్రతి ముక్కా అక్కడిదే.

2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడిదైతే చాలు. మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, స్విస్‌దే కావాలి, బిగింపూ తుది పరీక్షా అక్కడే జరగాలి. ఇక పాత వాచీల్లో డయల్‌కి మళ్లీ రంగేసి ఆ రెండు మాటలూ రాసినవి బోలెడు. కొనేముందు వెనక మూత తీయించి, మూవ్‌మెంట్ మీద చెక్కిన పేరు చూడండి.