బియ్యం నమిలే అమ్మాయి, తూము మూసే కాలేయం

ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లిన కూతురు డబ్బాలో పచ్చి బియ్యం దాచుకుని తింటోందని ఒక తల్లి రాశారు. "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందే అని ఎన్నిసార్లు చెప్పినా మానదు, ఏం చెయ్యాలి?" అని ఆవిడ ప్రశ్న. బియ్యానికీ వానకూ సంబంధం లేదు గానీ, బియ్యానికీ రక్తానికీ ఉండొచ్చు. పచ్చి బియ్యం, బలపం, మట్టి, ఐసు ముక్కల మీదికి మనసు లాగడాన్ని వైద్యులు పైకా అంటారు. ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఐరన్ నిండాక చాలామందిలో ఆ యావ దానంతటదే పోతుంది. అందుకని ముందు తిట్లు ఆపి రక్తపరీక్ష చేయించండి.

అందులో హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమనండి. ఐరన్ తగ్గుతున్నప్పుడు శరీరం ముందు నిల్వలు ఖాళీ చేస్తుంది, హిమోగ్లోబిన్‌కి దెబ్బ చివర్లో తగులుతుంది. ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపుకు పడిపోయినా హిమోగ్లోబిన్ 12 చూపించవచ్చు. రిపోర్టు చూసి "అంతా నార్మలే, ఫోన్ తగ్గించు" అంటారు. పిల్ల మాత్రం మెట్లెక్కితే ఆయాసపడుతూనే ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నిల్వలు మాత్రమే అడుగంటినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. నెలసరిలో 40 మిల్లీలీటర్లు పోతే 20 మిల్లీగ్రాములు పోయినట్టే. 80 దాటితే ఎక్కువ స్రావం కింద లెక్క, వైద్యులకు చూపించాలి. పేగులు తిండి నుంచి రోజుకు లోపలికి తీసుకునేది మామూలుగా ఒకటి, రెండు మిల్లీగ్రాములే. "చెడు రక్తం పోతోంది, మంచిదేగా" అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అది చెడు రక్తం కాదు, ఒంట్లో తిరిగే రక్తమే.

మరి రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటే సరిపోతుంది కదా? నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. పేగు గోడలోని ఒక్కో కణాన్ని ఒక చిన్న చెరువు అనుకోండి. మాత్రలోని ఐరన్ ముందు ఆ చెరువులోకి చేరుతుంది. అక్కడి నుంచి రక్తమనే కాలువలోకి పారాలంటే ఒకటే తూము, దాని పేరు ఫెర్రోపోర్టిన్. ఆ తూము మీద కాలేయానికి అజమాయిషీ ఉంది. రక్తంలో ఐరన్ పెరిగిందని తెలియగానే అది హెప్సిడిన్ అనే నీరటిని, అంటే తూము కాపలాదారుణ్ణి పంపుతుంది. 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్ అది. ఈ నీరటి తూముకు బిరడా కొట్టి ఊరుకోడు, తూమునే కణం మింగేసేలా చేస్తాడు. నీళ్లు చెరువులోనే నిలిచిపోతాయి. పేగు కణం బతికేది మూడు నుంచి ఐదు రోజులే. ఆ తర్వాత అది రాలిపోయి, ఐరన్‌తో సహా మలంలో బయటికి పోతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినా కాలేయం ఇదే నీరటిని పంపుతుంది, క్రిములకు ఐరన్ అందకుండా. అప్పుడు ఫెరిటిన్ కూడా పెరిగి నిల్వలు ఉన్నట్టు భ్రమ పెడుతుంది. అందుకే జ్వరం తగ్గిన వెంటనే ఆ పరీక్ష వద్దు.

60 మిల్లీగ్రాముల ఐరన్ వేసుకుంటే హెప్సిడిన్ 24 గంటల తర్వాత కూడా ఎక్కువగానే ఉంటుంది, 48 గంటలకు దిగుతుంది. అంటే మర్నాటి మాత్ర వచ్చేసరికి తూములు మూసి ఉంటాయి. జ్యూరిక్ పరిశోధకులు నిల్వలు తగ్గిన యువతులకు అవే మాత్రలు కొందరికి రోజూ, కొందరికి రోజు విడిచి రోజు ఇచ్చి చూశారు. 2017లో ప్రచురించిన ఫలితం: రోజూ వేసుకున్నవాళ్లకు ఒంటబట్టింది 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లకు దాదాపు 22 శాతం. ఒక రోజు మోతాదును పొద్దున సగం, సాయంత్రం సగం చేసినా లాభం కనిపించలేదు. అయితే డాక్టర్ రోజూ వేసుకోమని రాస్తే మీరే మార్చేయకండి, ఈ సంగతి అడగండి. రక్తం బాగా తగ్గినప్పుడు వాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు.

తిండి సంగతి చెప్పాలంటే, బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనేది రంగు చూసి చెప్పే వైద్యం. పెద్దమనిషి అయిన పిల్లకు పెట్టే చిమ్మిలిలోని నువ్వుల్లో ఐరన్ నిజంగానే ఉంది, కానీ దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లూ ఉన్నాయి. నిమ్మకాయ, జామకాయల్లోని సి విటమిన్ ఆ పట్టును సడలించి, ఐరన్‌ను పేగు కణం తీసుకోగల ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. టీలోని పాలీఫినాల్స్ అడ్డుపడతాయి. మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం ఉంచండి.

తక్కువ హిమోగ్లోబిన్ అంతా ఐరన్ లోపం కాదు. ఫెరిటిన్ బాగుండి ఎర్ర కణాలు మాత్రం చిన్నవిగా ఉంటే తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకురాలేమో చూడాలి. ఆ పరీక్ష పెళ్లికి ముందే చేయించుకుంటే మరీ మంచిది.

మాత్రలతో మలం నల్లగా వస్తే భయపడొద్దు, పేగుల్లో మిగిలిపోయిన ఐరన్ రంగే అది. ఇక హిమోగ్లోబిన్ పన్నెండు దాటగానే మాత్రలు ఆపేస్తారు చాలామంది. అప్పటికి నిల్వలు ఇంకా నిండి ఉండవు, మామూలుగా మరో మూడు నెలలు వాడమంటారు.